అటాకింగ్ రాకెట్, మర్నాటి మోచెయ్యి

పోయిన గురువారం మా సైన్స్ పార్క్ బ్యాచ్‌లోకి ఒక కొత్తమ్మాయి వచ్చింది. మాలో ముగ్గురి ఇళ్లవాళ్ల ఆఫీసులు సైన్స్ పార్క్‌లోనే ఉండటంతో వాట్సాప్ గ్రూపుకి ఆ పేరు పడిపోయింది. పిల్లల్ని స్కూల్లో దింపేసి ఆడటానికి వెళ్లడం, ఆట అయ్యాక సైన్స్ పార్క్‌కి వచ్చి కాఫీ తాగి, కెంట్ రిడ్జ్‌లో రైలెక్కి ఎవరి వంటింటికి వాళ్లం చేరడం మా గురువారం.

ఆ అమ్మాయి నల్లటి సంచిలోంచి ధగధగలాడే రాకెట్ తీసింది. కింద సన్నగా మొదలై పైకి వెళ్లేకొద్దీ వెడల్పయ్యే వజ్రం ఆకారం. "నాకు స్మాష్ కొట్టడం ఇష్టమని చెబితే షాపులో ఇదే ఇచ్చారక్కా. అటాకింగ్ రాకెట్ అట" అంది. చేతిలోకి తీసుకుని ఊపి చూశాను. బరువు తెలిసింది, ఆ బరువంతా ఎక్కడుందో కూడా తెలిసింది. ఏడాదిన్నర కిందట నేను కొన్న మొదటి రాకెట్‌కి ఇది సొంత చెల్లెలు. "చాలా బాగుందమ్మా" అన్నాను. ఆటకి ముందు ఇంకేమంటాం?

రెండో సెట్ మధ్యకి వచ్చేసరికి, పాయింటుకీ పాయింటుకీ మధ్య ఎడమచేత్తో కుడి మోచేతి బయటివైపు నొక్కుకోవడం మొదలుపెట్టింది. అలా ఎందుకు నొక్కుకుంటారో నాకు బాగా తెలుసు. ఆ రోజు కాఫీ దగ్గర తనకి చెప్పిందీ, చెప్పడానికి టైం చాలనిదీ కలిపి ఈసారి మీకూ చెప్తున్నాను.

పాడెల్ అంటే తెలియనివాళ్లకి నాలుగు ముక్కలు. మా అమ్మకి ఫోన్లో మొదటిసారి చెప్పినప్పుడు "పొద్దున్నే ఆ మాటేంటే, పాడె అంటావు!" అని కేకలేసింది. అప్పట్నుంచీ అమ్మ దగ్గర దాని పేరు గోడ టెన్నిస్. నిజానికి ఆ పేరే బాగుంది. 20 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పున్న కోర్టు, వెనక అద్దాల గోడలు, పక్కన కొంత అద్దం, కొంత ఇనుప జాలీ. బంతి నేల మీద ఒకసారి పడి గోడకి తగిలి వెనక్కి వస్తే ఆడొచ్చు. సర్వీసు నడుము ఎత్తుకి మించకుండా కింద నుంచే. ఎప్పుడూ ఇద్దరిద్దరే, స్కోరు టెన్నిస్ లాగే. 1969లో మెక్సికోలోని అకపుల్కోలో ఎన్రికే కోర్క్వేరా అనే ఆయన ఇంట్లో పుట్టి, 1974లో స్పెయిన్‌లోని మార్బెయాకి చేరి, అక్కణ్నుంచి లోకమంతా పాకింది. ఇప్పుడు సింగపూర్‌లోనూ ఉంది, హైదరాబాద్‌లోనూ కోర్టులు వెలిశాయి.

రాకెట్‌కి తీగలుండవు. లోపల నురుగు లాంటి రబ్బరు, రెండువైపులా ఫైబర్ గ్లాసో కార్బనో పలక, పలక నిండా చిల్లులు. స్పానిష్‌లో దాన్ని పాలా అంటారు, పార అని అర్థం. మన ఇళ్లలో షటిల్ రాకెట్‌ని కూడా బ్యాట్ అనే అంటాం కదా, ఆ మాట దీనికైతే అచ్చంగా సరిపోతుంది. రూలు ప్రకారం పొడవు 45.5 సెంటీమీటర్లు, వెడల్పు 26 సెంటీమీటర్లు, మందం 38 మిల్లీమీటర్లు దాటకూడదు. అంటే ఏ కంపెనీ చేసినా కొలతలు దాదాపు ఒకటే. తేడా అంతా ఆకారంలో, బరువు ఎక్కడ పెట్టారన్నదాంట్లో, లోపలి రబ్బరులో ఉంటుంది. మన మోచేతి జాతకం కూడా అక్కడే ఉంది.

ఈ ఆటలోకి మన తెలుగు ఆడవాళ్లు ఎక్కువగా షటిల్ నుంచి వస్తారు. వీధిలో తాడు కట్టి ఆడినవాళ్లో, అపార్ట్‌మెంటు కింద ఆడినవాళ్లో, సైనా, సింధుల మ్యాచులు చూసి పిల్లల్ని కోచింగ్‌కి తీసుకెళ్తూ తామూ మొదలెట్టినవాళ్లో. నేను ఇంకొంచెం పాత సరుకు. మా కాలేజీలో బాల్ బ్యాడ్మింటన్ ఉండేది. పసుపుపచ్చ ఉన్ని బంతి, జట్టుకి అయిదుగురు. వరంగల్ జమ్మలమడక పిచ్చయ్య గారికి 1970లో ఆ ఆటకే అర్జున అవార్డు వచ్చింది. మా పీటీ మేడమ్ ఆయన పేరు చెప్పకుండా ప్రాక్టీసు మొదలుపెట్టేవారు కాదు.

ఎక్కణ్నుంచి వచ్చినా మనం వెంట తెచ్చుకునేది మణికట్టు. పైకి లేచిన బంతిని చూస్తే చాలు, మణికట్టు టక్కున విరుచుకుపడుతుంది. షటిల్ రాకెట్ 80, 90 గ్రాములు, కాక్ 5 గ్రాములు. అక్కడ అది అందం. బాల్ బ్యాడ్మింటన్ రాకెట్ దానికి రెట్టింపు. పాడెల్ రాకెట్ 350 నుంచి 375 గ్రాములు, బంతి 56 నుంచి 59 గ్రాములు. అంటే షటిల్‌తో పోలిస్తే చేతిలో నాలుగు రెట్లు, ఎదురుగా వచ్చేది పదకొండు రెట్లు. చెయ్యి మాత్రం అదే, అలవాటూ అదే. పైగా షటిల్ రాకెట్ కడ్డీ సన్నగా ఉండి కొంచెం వంగుతుంది, తీగలు సాగుతాయి. ఇక్కడ వంగేది ఏమీ లేదు. రబ్బరు ఎంత మింగితే అంత, మిగిలిందంతా మనకే.

ఇదేదీ తెలియకుండా, ఎనిమిదేళ్ల తర్వాత మళ్లీ చేతికొచ్చిన ఆటని చూసుకుని మురిసిపోయి, నేనూ వజ్రం ఆకారమే కొన్నాను. 372 గ్రాములు, గట్టి రబ్బరు, పైన కార్బన్. మూడు వందల డాలర్ల పైనే. మా ఆయన ఏమీ అనలేదు గానీ, నాకోసం నేను అంత పెట్టి ఏదైనా కొనుక్కోవడం సింగపూర్ వచ్చాక అదే మొదలు. ఆ డబ్బు లెక్కే తర్వాత నన్ను ఇరికించింది. చెయ్యి నొప్పెడుతోందంటే "అంత పోసి కొన్నావు కదా" అని ఎవరూ అనకముందే నాకు నేనే అనుకున్నాను. మూడు నెలలు ఎవరికీ చెప్పలేదు. కుక్కర్ మూత ఎడమచేత్తో తీయడం, దోసెల పిండి గిన్నె రెండు చేతులతో ఫ్రిజ్‌లోంచి దించడం, కొబ్బరి కోరడం మానేసి పొడి వాడటం. ఒకరోజు మా చిన్నది నీళ్ల సీసా మూత తీసిపెట్టమంటే తీయలేకపోయాను. అది నా మొహం చూసి, "పర్లేదమ్మా, దాహం లేదు" అంది. ఆ సాయంత్రం డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.

పేరు టెన్నిస్ ఎల్బో. నొప్పి మోచేతి దగ్గరే గానీ అసలు గొడవ మణికట్టుది. మణికట్టుని వెనక్కి ఎత్తే కండరాలు, వేళ్లని తెరిచే కండరాలు మోచేతి బయటి ఎముక మీద ఒక చిన్న చోట అతుక్కుని ఉంటాయి. పిడికిలి బిగించి పట్టుకున్న ప్రతిసారీ మణికట్టు ముందుకి వాలిపోకుండా అవే ఆపుతాయి. తడిబట్ట పిండినా, గిన్నె ఎత్తినా, రాకెట్ బిగించినా లాగేది ఆ చోటునే. అందుకే ఆట మానేసినా ఇంటిపని దాన్ని మాననివ్వదు. నా ఫిజియో అడిగిన మొదటి ప్రశ్న రాకెట్ గురించి కాదు, "రోజుకి ఎన్నిసార్లు బరువైన గిన్నె ఎత్తుతారు?" అని. రెండో ప్రశ్న, "రాకెట్ ఎంత గట్టిగా పట్టుకుంటారు?"

ఆవిడ ఇచ్చిన వ్యాయామాలు, ముఖ్యంగా లావుపాటి రబ్బరు కడ్డీని రెండు చేతులతో మెలితిప్పి మెల్లగా వదిలేది, నెలల తరబడి చేస్తే గానీ నీళ్ల సీసా మూత నాకు లొంగలేదు. మీకు నొప్పి రెండు మూడు వారాలు దాటితే నా కాలమ్‌తో సరిపెట్టుకోకండి, వెళ్లి చూపించుకోండి.

ఈలోగా నేను రెండో తప్పు చేశాను, మొదటిదానికి సరిగ్గా తిరగేసింది. వేరే షాపుకి వెళ్లి మోచేతి నొప్పి అన్నాను. ఆ సేల్స్ అబ్బాయి నన్ను ఎగాదిగా చూసి, "లేడీస్ మోడల్ తీసుకోండి మేడమ్, తేలిగ్గా ఉంటుంది, మెల్లగా ఆడుకోవచ్చు" అన్నాడు. లేత గులాబీ రంగు, గుండ్రటి ఆకారం, 335 గ్రాములు. నొప్పి మీదున్నాను కదా, తలూపి తెచ్చుకున్నాను. నెల తిరిగేసరికి రెండు సంగతులు తేలాయి. ఒకటి, నా దెబ్బలో పస పోయింది. నెట్ దగ్గర నేను కొట్టిన బంతిని అవతలివాళ్లు తాపీగా తీసి పంపుతున్నారు. రెండు, నొప్పి తగ్గలేదు!

డిగ్రీలో ఫిజిక్స్ చదివాను, ఆ మాత్రం ముందే తట్టి ఉండాల్సింది. వేగంగా వచ్చే బంతికి ఎదురుగా తేలిక వస్తువు పెడితే అది వెనక్కి జరుగుతుంది, మెలితిరుగుతుంది. దాన్ని తిరగనివ్వకుండా ఆపాల్సింది మన పిడికిలే. తేలిక రాకెట్ ఊపేటప్పుడు సుఖం, బంతి తగిలేటప్పుడు కష్టం. తేలిక అంటే సుఖం అనుకోవడం ఆడవాళ్ల రాకెట్ల అమ్మకాల్లో పెద్ద వల. గులాబీ రంగు మీద నాకు కోపం లేదు. మెల్లగా ఆడుకోవచ్చు అన్న మాట మీదే నా కోపం. నాకు మెల్లగా ఆడాలని లేదు. మర్నాడు కూడా ఆడాలని ఉంది.

సరే, బరువు సంగతి. ఎంత బరువన్నదానికన్నా ఎక్కడున్న బరువన్నది ముఖ్యం. రోకలిని మధ్యలో పట్టుకుని దంచుతాం. అదే రోకలిని ఒక చివర పట్టుకుని అడ్డంగా ఊపి చూడండి, మణికట్టు దండం పెట్టేస్తుంది. రోకలి బరువు మారలేదు, చేతికీ బరువుకీ దూరం మారింది. ఊపడానికి పట్టే శ్రమ ఆ దూరానికి వర్గంలా పెరుగుతుంది, అంటే దూరం రెట్టింపయితే శ్రమ నాలుగు రెట్లు. వజ్రం ఆకారంలో బరువు తల వైపు ఉంటుంది, అందుకే దెబ్బకి ఊపు వస్తుంది, అందుకే చేతికి శిక్ష. గుండ్రటిదాంట్లో పిడికి దగ్గరగా ఉంటుంది. ఈ రెండింటికీ మధ్యలోది కన్నీటి బొట్టు ఆకారం, మన కళ్లకైతే మామిడి పిందె తిరగేసినట్టు ఉంటుంది.

కంపెనీలు దీన్ని బ్యాలెన్స్ అంటాయి. పిడి చివరి నుంచి రాకెట్ తూగే చోటుకి ఉన్న దూరం. మామూలుగా 25 నుంచి 27 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. రెండు సెంటీమీటర్లే కదా అనిపిస్తుంది గానీ చేతికి ఇట్టే తెలుస్తుంది. ఇంట్లోనే కొలవచ్చు. డైనింగ్ టేబుల్ మీద స్కేలు నిలువు అంచున రాకెట్‌ని అడ్డంగా తూచండి. అటూ ఇటూ ఒరగకుండా నిలిచిన చోట పెన్సిల్ గీత పెట్టి టేపుతో కొలవండి. బరువుకి వంటింటి త్రాసు ఉండనే ఉంది. ఒకే మోడల్ అని అమ్మేవే పది గ్రాముల తేడాతో ఉంటాయి, షాపుకి త్రాసు పట్టుకెళ్లినా తప్పు లేదు. నేను పట్టుకెళ్లాను. నవ్వారు, తర్వాత వాళ్లే అరువడిగారు.

ఇక్కడ ఒక చిట్కా గురించి జాగ్రత్త. తల బరువు రాకెట్‌కి పిడి మీద రెండు మూడు గ్రిప్పులు అదనంగా చుడితే బ్యాలెన్స్ తగ్గి సుఖంగా ఉంటుందని చెబుతారు. నా పాత వజ్రానికి చుట్టి కొలిచాను. మూడు చుట్లకి 15 గ్రాములు పెరిగింది, బ్యాలెన్స్ 26.6 నుంచి 25.8కి దిగింది. కాగితం మీద నంబరు ముచ్చటగా ఉంది. కానీ తల దగ్గరున్న బరువులో ఒక్క గ్రాము తగ్గలేదు, ఊపేటప్పుడు మోసేది దాన్నే. కాకపోతే ఆ గ్రిప్పుల వల్ల వేరే మేలు జరిగింది, అది తర్వాత చెప్తాను.

ఆకారంతో పాటు వచ్చేది తీపిచోటు, అంటే బంతి తగిలితే అదురు లేకుండా తియ్యగా వెళ్లే ప్రాంతం. గుండ్రటిదాంట్లో అది మధ్యలో, పెద్దగా ఉంటుంది. వజ్రంలో పైన, చిన్నగా. ప్రొఫెషనల్స్ వందకి తొంభైసార్లు అక్కడే కొడతారేమో, నేను కాదు. పక్కన తగిలిన ప్రతి బంతీ రాకెట్‌ని తిప్పుతుంది, ఆ తిప్పుడుని ఆపడానికి పిడికిలి బిగుస్తుంది, ఆ బిగుతు వెళ్లి మోచేతి మీదున్న ఆ చిన్నచోటుని లాగుతుంది. చూశారా, తిరిగి తిరిగి అక్కడికే.

ఇక రబ్బరు. ఈవీఏ అనే నురుగు రబ్బరు ఇప్పుడు చాలావాటిలో వాడుతున్నారు. మెత్తనిది, మధ్యస్థం, గట్టిది. షాపులో గట్టిదాన్ని పవర్ అని అమ్ముతారు. అది నిజమే గానీ సగం నిజం. గట్టి రబ్బరు మనం ఇచ్చిన వేగాన్నే తిరిగి ఇస్తుంది, తనది కలపదు. చెయ్యి మెరుపులా తిరిగేవాళ్లకి అది వరం. మనలాంటి వాళ్లు నెట్ దగ్గర అరచెయ్యి దూరం ఊపి కొట్టే వాలీకి మెత్తనిది బంతిని కాసేపు మింగి ఊస్తుంది, ఊరికే వేగం వస్తుంది. కానీ మరీ మెత్తనిదైతే గట్టిగా స్మాష్ కొట్టినప్పుడు రబ్బరు అడుగంటా నొక్కుకుపోయి దెబ్బ చచ్చిపోతుంది. కాబట్టి అటాక్ చేసే క్లబ్ ఆటగత్తెకి మెత్తదనానికీ మధ్యస్థానికీ నడిమిది.

సింగపూర్‌లో ఉన్నవాళ్లు ఇంకోటి లెక్కేసుకోవాలి. ఈ రబ్బరు చలికి బిగుస్తుంది, వేడికి మెత్తబడుతుంది. నెట్‌లో మనం చదివే రివ్యూల్లో చాలా భాగం యూరప్ వాళ్లవి, వాళ్ల చలికాలంలో గట్టిగా అనిపించింది మన 31, 32 డిగ్రీల్లో మధ్యస్థంలా ఉంటుంది, వాళ్ల మెత్తనిది ఇక్కడ ఉడికిన అటుకులు. బంతి లోపలి గాలీ వేడికి కొంచెం పొంగి ఎక్కువ ఎగురుతుంది. అందుకని నేను లండన్ మరదలికి చెప్పే రాకెట్, సింగపూర్ వదినకి చెప్పే రాకెట్ ఒకటి కాదు. మరదలు మెత్తనిదే తీసుకోవాలి, వదిన మధ్యస్థం తీసుకున్నా చెయ్యి బతుకుతుంది. రాకెట్ సంచిని ఎండ పడే బాల్కనీలో మాత్రం పెట్టకండి.

పైపలక గురించి ఎక్కువ చెప్పను. 3కె, 12కె, 18కె అని రాసి ఉంటుంది. కార్బన్ నేతలో ఒక్కో పోగులో ఎన్ని వేల తంతువులున్నాయో ఆ అంకె చెబుతుంది, 3కె అంటే మూడు వేలు. మంగళగిరి చీరలో నూలు కౌంటు లాంటిదనుకోండి. కౌంటు ఒక్కటే చూసి చీర ఎలా నిలుస్తుందో చెప్పలేనట్టే, ఆ అంకె ఒక్కటే చూసి పలక ఎంత గట్టిదో చెప్పలేం. ఎన్ని పొరలు వేశారు, ఏ జిగురు పోశారు అన్నవీ ఉంటాయి. అంకె పెద్దదైతే మంచిదని ఎక్కువ డబ్బు పెట్టకండి. మొదటి రాకెట్‌కి ఫైబర్ గ్లాసు అయినా నామోషీ ఏమీ లేదు, అది కొంచెం వంగుతుంది, చేతికి మెత్తన.

నా అభిప్రాయం అసలు మారింది మాత్రం ఒక చిల్లర లెక్కతో. వ్యాయామాల నెలల్లో ఆడలేక బెంచీ మీద కూర్చుని స్కోరు రాసేదాన్ని. ఒకరోజు సరదాగా, మాలో అందరికన్నా దూకుడుగా ఆడే విజయవాడ అక్క దెబ్బలు లెక్కపెట్టాను. గంటన్నర ఆటలో పూర్తి బలంతో కొట్టిన స్మాష్‌లు పదకొండు. వాటిలో గెలిచిన పాయింట్లు నాలుగు. వాలీలు నూట యాభై దాటాక లెక్క వదిలేశాను. మిగతావి బందేహాలు. బందేహా అంటే స్పానిష్‌లో పళ్లెం. వెనక్కి వెళ్తూ, చేతిలో కాఫీ గ్లాసుల పళ్లెం మోస్తున్నట్టు రాకెట్‌ని తల పక్కన ఎత్తి, బంతిని కోసినట్టు కొట్టి మళ్లీ నెట్ దగ్గర మన చోటు నిలబెట్టుకునే దెబ్బ. అక్క పాయింట్లు గెలిచిందంతా ఆ పళ్లెంతో, ఆ వాలీలతో. అవతలివాళ్లని గోడకి అంటించి, బంతిని కాళ్ల దగ్గర పడేసి, వాళ్లు తప్పు చేసేదాకా నెట్ వదలకపోవడం. అదీ అటాక్.

నేనేమో ఆ పదకొండు దెబ్బలకోసం రాకెట్ కొన్నాను, నూట యాభై దెబ్బలకి చెయ్యి అప్పగించాను. పెళ్లికి పెట్టుకునే వడ్డాణం పెట్టుకుని రోజూ ఇల్లు ఊడ్చినట్టు.

మూడోది కొనేముందు తొందరపడలేదు. గ్రూపులో ఎవరిది దొరికితే వాళ్లది అడిగి ఆడాను. ఒక్కోటీ కనీసం మూడు రోజులు. ఎందుకంటే మొదటిరోజు ప్రతి కొత్త రాకెట్టూ బాగానే ఉంటుంది, కొత్త కోడలిలాగా. కోర్టులో ఎలా ఉందన్నది సగమే. మర్నాడు పొద్దున కుక్కర్ మూత ఏ చేత్తో తీశానన్నది మిగతా సగం. క్యాలెండర్ మీద కు, ఎ అని రాసుకున్నాను, కుడి అయితే కు. కొన్ని క్లబ్బుల్లో, షాపుల్లో డెమో రాకెట్లు అద్దెకిస్తారు, అడగండి. అడిగితే మొహం మాడ్చుకునే చోట కొనకండి.

చివరికి నిలిచింది కన్నీటి బొట్టు ఆకారం, 358 గ్రాములు, బ్యాలెన్స్ 25.8, మధ్యస్థం కన్నా కాస్త మెత్తని రబ్బరు. అటాక్ ఆడేదానివి, బొట్టు ఆకారమేంటని మాలో ఒకావిడ వెక్కిరించింది. ప్రపంచ నంబర్ వన్ స్థానంలో నిలిచిన అర్జెంటీనా ఆటగాడు అగుస్తీన్ తాపియా ఆడేది అదే ఆకారం, నాక్స్ కంపెనీ ఆయన పేరు మీదే అమ్మే ఏటీ10. అతని కన్నా నాకు ఎక్కువ పవర్ కావాలా? అలాగని ఏటీ10 కొనేయమనడం లేదు. ఆకారం ఒకటే అయినా అందులో గట్టివీ ఉన్నాయి, మెత్తనివీ ఉన్నాయి. నేను కొన్నది వేరే కంపెనీది, పోయినేటి మోడల్. ఏటా కొత్త రంగులు రాగానే పాతవాటి ధర దిగుతుంది, నాకు మొదటి వజ్రం ధరలో సగానికి కొంచెం పైన పడింది. నెట్‌లో మరీ చవగ్గా కనిపించేవాటిలో నకిలీలు ఉంటాయి, వాటి జోలికి వెళ్లొద్దు. అడిడాస్ మెటల్‌బోన్ లాంటి కొన్నిటికి బరువు మార్చుకునే స్క్రూలు ఉంటాయి. సరదానే గానీ, అది కూడా వజ్రమే, మనకి కావలసింది కాదు.

ఆగానన్న గ్రిప్పు సంగతి. రాకెట్లు చాలావరకు సన్నటి పిడితో వస్తాయి. పిడి సన్నగా ఉంటే వేళ్లు ఎక్కువ బిగుస్తాయి. చెమటకి జారితే ఇంకా బిగుస్తాయి. సింగపూర్‌లో చెమట గురించి మీకు నేను చెప్పాలా? నా చేతికి రెండు చుట్లు సరిపోయాయి. పట్టుకున్నప్పుడు ఉంగరం వేలి కొస అరచేతికి ఒత్తుకోకుండా, మధ్యలో ఎడమచేతి చూపుడువేలు పట్టేంత సందు ఉంటే చాలు. పైచుట్టు నేను రెండు వారాలకోసారి మారుస్తాను, నల్లబడ్డాక చూద్దామని ఆగను. మణికట్టుకి తాడు తగిలించుకోవడం రూలు కూడా, అది ఉంటే రాకెట్ ఎగిరిపోతుందన్న భయంతో బిగించే పనుండదు. బంతికీ బంతికీ మధ్య రాకెట్‌ని ఎడమచేతికి మార్చి కుడిచేతి వేళ్లు ఒకసారి విదిలించడం నా ఫిజియో నేర్పింది. మిగతా అన్ని ఖర్చుల కన్నా అదే ఎక్కువ పనిచేసింది, పైసా అవలేదు.

ఇదంతా కాఫీ దగ్గర చెబుతుంటే కొత్తమ్మాయి మొహం చిన్నబోయింది. "అంటే నేను స్మాష్ కొట్టకూడదా అక్కా?" అంది. ఆ ప్రశ్న నేను ఫిజియోని అడిగిందే, అదే గొంతుతో. "కొట్టు. పదకొండూ కొట్టు. కానీ మణికట్టుతో కాదు, భుజం తిప్పి" అన్నాను. రాకెట్ వెనక్కి తీసుకుంటారేమో కనుక్కుంటానంది. వాడినదాన్ని తీసుకోరని నాకు తెలుసు, నా గులాబీది ఇప్పటికీ మంచం కింద ఉంది. అందుకే లేచేటప్పుడు నా బొట్టు రాకెట్ తన సంచిలో పెట్టి, తన వజ్రం నేను తెచ్చుకున్నాను. మంగళవారం, బుధవారం కూడా తను ఆడుతుంది, మూడు రోజులవుతాయి.

నిన్న పొద్దున మెసేజ్ వచ్చింది. "అక్కా, చట్నీ జార్ మూత కుడిచేత్తోనే తిప్పాను. మీ రాకెట్ ఇంకో వారం ఉంచుకోనా?"

ఉంచుకోమన్నాను. రేపు గురువారం. విజయవాడ అక్కకి ఫోన్ చేసి, అదనంగా ఏదైనా రాకెట్ ఉందేమో అడగాలి. లేదంటే మంచం కింద నుంచి ఆ గులాబీదాన్ని బయటికి తీసి దుమ్ము దులపాల్సిందే.